యూనివర్సిటీ ఉద్యోగులు, యూనియన్, పని హక్కులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వ యూనివర్సిటీల్లో పనిచేసేవాళ్ల కోసం ఈ పేజీ. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంట్ నుంచి హాస్టల్ మెస్‌లో వండే మనిషి దాకా, గెస్ట్ లెక్చరర్ నుంచి రాత్రి మెయిన్ గేటు కాసే సెక్యూరిటీ దాకా అందరికీ ఇందులో ఏదో ఒకటి ఉంటుంది. ప్రైవేట్ యూనివర్సిటీల సంగతి కింద విడిగా ఇచ్చాం.

చదివే ముందు ఒక మాట. 2025 నవంబర్ 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం పోయి, వాటి స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ 2020 వచ్చింది (కింద ఉత్త ‘కొత్త కోడ్’ అంటే ఇదే). పాత కరపత్రాల్లో కనిపించే సెక్షన్ నంబర్లు ఇప్పుడు చెల్లవు. హక్కుల్లో చాలావరకు అలాగే ఉన్నాయి. సమ్మె విషయంలో మాత్రం పట్టు బిగిసింది.

నేను అసలు ఎవరి ఉద్యోగిని?

మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబు దీని మీదే ఆధారపడి ఉంది కాబట్టి ముందు ఇది తేల్చుకోండి. మీ ఆర్డర్ కాపీ తీసి కింద ఎవరి సంతకం ఉందో చూడండి. రిజిస్ట్రార్ సంతకం ఉంటే మీరు యూనివర్సిటీ ఉద్యోగి. రెగ్యులర్ అయినా, టైమ్‌స్కేల్ (పర్మినెంట్ కాకపోయినా పే స్కేలు వచ్చేవాళ్లు) అయినా, కాంట్రాక్ట్ అయినా, ఎన్ఎంఆర్ (మస్టర్ రోల్ మీద దినసరి వేతనం) అయినా సరే. ఏజెన్సీ లెటర్‌హెడ్ మీద ఉంటే కాగితం ప్రకారం మీరు ఏజెన్సీ మనిషి, యూనివర్సిటీ మీకు ప్రధాన యజమాని, అంటే ఏజెన్సీ ద్వారా పని చేయించుకునే సంస్థ.

సంతకం ఏజెన్సీదైనా పని చెప్పేది, హాజరు వేసేది, సెలవిచ్చేది, తప్పు చేస్తే మందలించేది అంతా యూనివర్సిటీ వాళ్లేనా? అయితే ఆ ఏజెన్సీ ఉత్తుత్తిదని వాదించే వీలుంది. కాంట్రాక్టు పేరుకే ఉందని రుజువైతే కార్మికులు ప్రధాన యజమాని మనుషులేనని 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది: కాంట్రాక్ట్ పద్ధతిని రద్దు చేసినంత మాత్రాన అందులో పనిచేసేవాళ్లు ఆటోమేటిగ్గా పర్మినెంట్ అయిపోరు. మన మీటింగుల్లో మొదటి సగం చెప్పి రెండోది వదిలేస్తుంటారు.

ఆర్డరే ఇవ్వలేదంటారా? ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాల్సిందేనని కొత్త వృత్తి భద్రత కోడ్ అంటోంది. రాతపూర్వకంగా అడగండి. ఈలోగా ఐడీ కార్డు, డ్యూటీ చార్టు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, హాజరు రిజిస్టర్ పేజీ ఫోటో, పరీక్షల డ్యూటీ వేసిన సర్క్యులర్ లాంటివన్నీ దాచుకోండి. పాతికేళ్లు పనిచేసి చేతిలో ఒక్క కాగితం లేనివాళ్లని చూశాం. వాళ్ల పని నిజమే, కోర్టులో చూపించడానికే ఏమీ లేదు.

యూనియన్‌లో చేరే హక్కు అందరికీ ఉందా? ఔట్‌సోర్సింగ్ వాళ్లకి కూడా?

ఉంది. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19(1)(సి) ఇచ్చింది. అందులో రెగ్యులర్ వాళ్లకు ఒకటి, ఔట్‌సోర్సింగ్ వాళ్లకు ఒకటి అని లేదు. రెండు వర్గాలూ ఒకే యూనియన్‌లో ఉండొచ్చు, యూనియన్ నిబంధనావళిలో ఆ మాట రాసుకుంటే చాలు. చాలా క్యాంపస్‌లలో రెగ్యులర్ వాళ్ల సంఘం వేరు, ఎన్ఎంఆర్, టైమ్‌స్కేల్ వాళ్లది వేరు, ఔట్‌సోర్సింగ్ జేఏసీ వేరు. ఒకే బిల్డింగ్‌లో పనిచేసే ముగ్గురు మూడు వేర్వేరు రోజుల్లో వీసీ గారికి వినతిపత్రాలు ఇస్తారు. ఆయనకు అంతకంటే సుఖం ఏముంటుంది?

మాకు అసోసియేషన్ ఉంది. మళ్లీ యూనియన్ ఎందుకు?

రెండూ ఒకటి కావు. మన యూనివర్సిటీల్లో సంఘాలు ఎక్కువగా 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనవి. సన్మానాలు చేయొచ్చు, డైరీలు వేయొచ్చు, వినతిపత్రం ఇవ్వొచ్చు, హైకోర్టుకు కూడా వెళ్లొచ్చు. ట్రేడ్ యూనియన్‌గా నమోదైతే అదనంగా వచ్చేవి మూడు. వివాదాన్ని లేబర్ శాఖ ముందుకు యూనియన్ పేరు మీద తీసుకెళ్లొచ్చు. న్యాయబద్ధంగా చేసిన ఉమ్మడి చర్యల మీద కుట్ర కేసుల నుంచి, కొన్ని రకాల సివిల్ దావాల నుంచి రక్షణ ఉంటుంది. సంస్థలో ఒకటి కంటే ఎక్కువ యూనియన్లు ఉన్నప్పుడు కార్మికుల్లో 51 శాతం మద్దతున్న దాన్ని చర్చలు జరిపే ఏకైక యూనియన్‌గా గుర్తించాలని కొత్త కోడ్ చెబుతోంది. ఎవరికీ అంత బలం లేకపోతే 20 శాతం చొప్పున మద్దతున్న యూనియన్లతో కౌన్సిల్ వేస్తారు.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది, ఎందుకంటే ఈ కోడ్ వర్తించేది ‘పరిశ్రమ’లకే. యూనివర్సిటీ ‘పరిశ్రమ’ కిందికి వస్తుందా? 1963లో ఢిల్లీ యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు రాదంది. 1978లో బెంగళూరు వాటర్ సప్లై కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన ఏడుగురు జడ్జీల ధర్మాసనపు తీర్పు ఆ మాటను తిరగరాసి విద్యాసంస్థలు కూడా వస్తాయంది. విద్యాసంస్థలను తప్పించడానికి 1982లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది కానీ ఆ సవరణను ఏనాడూ అమల్లోకి తేలేదు. 1978 తీర్పును మళ్లీ పరిశీలించే బాధ్యతను 2017లో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనానికి అప్పగించారు. కొత్త కోడ్ సేవా, దాతృత్వ సంస్థలను పరిశ్రమ నిర్వచనం నుంచి తప్పించింది, విద్యాసంస్థ అనే మాట మాత్రం ఎత్తలేదు. యాజమాన్యం లాయరు ముందుగా పట్టుకునేది దీన్నే. కాబట్టి లేబర్ శాఖలో వేసే ప్రతి కాగితంలో మీరు చేసే పనేమిటో వివరంగా రాయండి: పంపు ఆపరేటర్, బస్సు డ్రైవరు, ప్రెస్‌లో బైండరు, ల్యాబ్ అటెండరు, ఇలా.

నేను అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. నాకూ ఇవన్నీ వర్తిస్తాయా?

కొన్ని వర్తిస్తాయి. అధ్యాపకులు ‘వర్క్‌మన్’ (చట్టం చెప్పే కార్మికుడు) నిర్వచనంలోకి రారని 1988లో గోవాకు చెందిన సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే లేబర్ కోర్టు మీకు దారి కాదు. మీ దారి హైకోర్టులో రిట్ పిటిషన్. ప్రభుత్వ యూనివర్సిటీ రాజ్యాంగం 12వ అధికరణం ప్రకారం ‘రాజ్యం’ కిందికే వస్తుంది కాబట్టి 226వ అధికరణం కింద నేరుగా వెళ్లొచ్చు. టీచర్స్ అసోసియేషన్ పెట్టుకునే హక్కుకు దీంతో సంబంధం లేదు, అది ఎప్పుడూ ఉంది. గ్రాట్యుటీ కూడా వస్తుంది: 2009 సవరణ అధ్యాపకులను 1997 ఏప్రిల్ 3 నుంచే గ్రాట్యుటీ చట్టంలో చేర్చింది, 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణ సరైనదేనంది.

యూనియన్‌లో చేరానని తెలిస్తే వచ్చే ఏడు రెన్యువల్ ఇవ్వరేమో?

ఈ భయం ఉత్తినే పుట్టింది కాదు. కాంట్రాక్ట్ ఆర్డరులో చివరి పేరా దాదాపు అన్నిచోట్లా ఒకటే: ‘ఎలాంటి నోటీసు లేకుండా ఎప్పుడైనా తొలగించవచ్చు’. అది చదివితే ఎవరికైనా టెన్షనే.

చట్టం ఏమంటోందంటే, యూనియన్‌లో చేరినందుకు తొలగిస్తామని బెదిరించడం, చేరినవాళ్లను వేరుగా చూడటం అనుచిత కార్మిక విధానం. పాత చట్టంలో ఉంది, కొత్త కోడ్ షెడ్యూల్లోనూ ఉంది. కాంట్రాక్ట్ ఉద్యోగిని తీసేసి ఆ కుర్చీలో ఇంకో కాంట్రాక్ట్ ఉద్యోగిని కూర్చోబెట్టకూడదని, రెగ్యులర్‌గా ఎంపికైన మనిషి వస్తేనే తప్పుకోవాలని 1992లో పియారా సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. గెస్ట్ లెక్చరర్ల కేసుల్లో లాయర్లు ముందు చూపించేది ఈ తీర్పునే.

రుజువు చేయడం మాత్రం కష్టం. ‘నువ్వు యూనియన్‌లో చేరావు కాబట్టి తీసేస్తున్నాం’ అని ఎవరూ రాసివ్వరు. పని బాగోలేదనో, వర్క్‌లోడ్ లేదనో అంటారు. అందుకే ఒక్కరుగా బయటపడొద్దు. సభ్యత్వాలన్నీ ఒకేరోజు, ఒకే జాబితాగా రిజిస్ట్రార్‌కు తెలియజేయండి. ముగ్గుర్ని పీకడం తేలిక. ఎగ్జామినేషన్ బ్రాంచిలో సగం మందిని పీకి, ఎల్లుండి రిజల్ట్స్ ఎలా ఇస్తారు?

చందా ఎంత ఉండాలి? జీతంలో కట్ చేయించొచ్చా?

మీ జనరల్ బాడీ ఎంతంటే అంత. పాత చట్టం పెట్టిన కనీస చందా ఏడాదికి 12 రూపాయలే. జీతంలో కోత పెట్టాలంటే ప్రతి సభ్యుడూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు యూపీఐలో తీసుకోవడమే మేలు. యాజమాన్యం చేతికి సభ్యుల జాబితా ప్రతినెలా మనమే ఇచ్చినట్టు ఉండదు.

పేస్లిప్‌లో 15,600 అని ఉంది, చేతికి 11 వేలే వస్తోంది. ఇది సరైనదేనా?

ఇది కాస్త నిదానంగా చూద్దాం. ఔట్‌సోర్సింగ్ వాళ్ల ప్రశ్నల్లో సగం ఇక్కడే ఉంటాయి.

తెలంగాణలో 2021 జూన్ నాటి జీవో 60 ప్రకారం నెల వేతనాలు మూడు తరగతులు: 15,600, 19,500, 22,750. ఆంధ్రలో 2022 జనవరి నాటి జీవో 7 ప్రకారం 15,000, 18,500, 21,500. మీ యూనివర్సిటీ పాలకమండలి ఆ జీవోను ఎప్పటినుంచి అమలు చేయాలని తీర్మానించిందో ముందు కనుక్కోండి. యూనివర్సిటీలు స్వయంప్రతిపత్తి సంస్థలు కాబట్టి సచివాలయంలో జీవో వచ్చిన రోజే ఇక్కడ జీతం పెరగదు.

ఇప్పుడు 15,600 లెక్క. పీఎఫ్‌లో ఉద్యోగి వాటా 12 శాతం, చట్టబద్ధ పరిమితి 15,000 మీద వేస్తే 1,800. ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) 0.75 శాతం, అంటే 117. వృత్తిపన్ను 150. మొత్తం పోగా చేతికి 13,533 రావాలి. అంతకు రెండు మూడు వందలు అటూ ఇటూ అయితే అడిగి తెలుసుకోవచ్చు. పదకొండు వేల దగ్గరికి వచ్చిందంటే ఏజెన్సీ తన వాటా కూడా మీ జీతంలోంచే కోస్తోందన్నమాట: పీఎఫ్ యజమాని వాటా, దాని నిర్వహణ, బీమా ఖర్చులు కలిపి 1,950, ఈఎస్‌ఐ యజమాని వాటా 3.25 శాతం కింద 507. రెండూ తీసేస్తే మిగిలేది 11,076. యజమాని వాటాను ఉద్యోగి జీతంలోంచి కోయడం చట్టరీత్యా నిషేధం. ‘అన్నిచోట్లా ఇంతే’ అనే జవాబు వింటే వెనక్కి రాకండి.

ఇంకో సంగతి. ఈఎస్‌ఐ పరిమితి నెలకు 21,000. కాబట్టి 22,750 తరగతిలో ఉన్నవాళ్లకు ఈఎస్‌ఐ ఆసుపత్రి కార్డు రాదు. జీతం పెరిగి పరిమితి దాటితే వెంటనే ఆగిపోదు, ఏప్రిల్-సెప్టెంబర్ లేదా అక్టోబర్-మార్చి కాలం ముగిసేదాకా నడుస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ ఉంటే ఈ తేదీలు చూసుకోండి.

మూడు నెలలుగా జీతం లేదు. ఏజెన్సీ ‘యూనివర్సిటీ బిల్లు ఇవ్వలేదు’ అంటోంది, యూనివర్సిటీ ‘ఏజెన్సీని అడగండి’ అంటోంది.

నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు పడాలి. బిల్లు పాసైందా లేదా అన్నది ఆ ఇద్దరి మధ్య లెక్క, మీకు సంబంధం లేదు. కాంట్రాక్టర్ ఇవ్వకపోతే ప్రధాన యజమాని ఇచ్చి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవాలి. 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టంలో ఉన్న ఈ నియమం కొత్త వృత్తి భద్రత కోడ్‌లోనూ ఉంది.

చేయాల్సింది ఇది. ఏజెన్సీకీ రిజిస్ట్రార్‌కీ కలిపి ఒకే ఉత్తరం, నెలల వారీగా ఎవరికెంత రావాలో పట్టిక వేసి రాయండి. తపాలా సెక్షన్‌లో ఇచ్చి మీ కాపీ మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ, స్టాంపు వేయించుకోండి. పీఏ చేతిలో పెట్టి నమస్కారం పెట్టి వచ్చిన కాగితం ఇవ్వనట్టే లెక్క. ఓ పది రోజులు చూసి, ఆ స్టాంపు కాపీతో అసిస్టెంట్ లేబర్ కమిషనర్ ఆఫీసుకు వెళ్లండి. మాకు తెలిసిన ఒక క్యాంపస్‌లో నాలుగు నెలలు ధర్నా చేసినా కదలని ఫైలు, లేబర్ ఆఫీసు నోటీసు వచ్చిన వారంలో కదిలింది. ధర్నా వద్దనటం లేదు, దానితోపాటు ఈ కాగితమూ ఉండాలి.

పీఎఫ్ నిజంగా కడుతున్నారో లేదో ఎలా తెలుస్తుంది?

యూఏఎన్ నంబరు (పీఎఫ్ కోసం ఉద్యోగికి ఇచ్చే శాశ్వత నంబరు) తీసుకుని ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ చూడండి. నెలనెలా మీ వాటా, వాళ్ల వాటా వేర్వేరు గడుల్లో కనిపించాలి. ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్త యూఏఎన్ తెరుస్తుంటారు. వద్దని చెప్పండి, పాతదే ఇవ్వండి. రెండు మూడు యూఏఎన్‌లు ఉన్నవాళ్లకు రిటైరయ్యాక సర్వీసు కలిపించుకోవడం పెద్ద తలనొప్పి, పెన్షన్‌కు కావలసిన 10 ఏళ్లు దగ్గర్లోనే ఉండి కూడా తగ్గిపోతుంది.

పదిహేనేళ్లుగా చేస్తున్నాను. పర్మినెంట్ చేస్తారా?

సూటిగా చెప్పాలంటే, సర్వీసు ఒక్కటే చాలదు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం, జీవో 212 కింద 1993 నవంబర్ 25 నాటికి ఐదేళ్లు నిండిన దినసరి, ఎన్ఎంఆర్ వాళ్లను మాత్రమే క్రమబద్ధీకరించారు. ఆ తలుపు అప్పుడే మూసేశారు. 2006లో ఉమాదేవి కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం, మంజూరైన పోస్టులో, అర్హతలతో, కోర్టు స్టేల అండ లేకుండా పదేళ్లు పనిచేసినవాళ్లను ఒక్కసారికి క్రమబద్ధీకరించమని, మిగతావాళ్లకు హక్కు లేదని చెప్పింది. ఇరవై ఏళ్లుగా యాజమాన్యం కోర్టులో వేసే ప్రతి కౌంటర్ అఫిడవిట్‌లోనూ ఉమాదేవి పేరు ఉంటుంది.

గాలి కొంచెం మారింది. శాశ్వత స్వభావం ఉన్న పనిని ఏళ్ల తరబడి తాత్కాలికం పేరుతో చేయించుకుని, ఆ తర్వాత ఉమాదేవిని అడ్డం పెట్టుకోవడం కుదరదని 2024 డిసెంబర్‌లో జగ్గో కేసులో సుప్రీంకోర్టు అంది. మీ కేసులో బలం ఎక్కడ ఉంటుందంటే: పోస్టు మంజూరైందా, నోటిఫికేషన్, ఇంటర్వ్యూ ద్వారా తీసుకున్నారా, అర్హతలు ఉన్నాయా, సర్వీసు అవిచ్ఛిన్నమా. చివరిదానికే ఆ ఒక్కరోజు ‘బ్రేక్’ వేస్తుంటారు. 89 రోజులకో, 11 నెలలకో ఆర్డరు ముగించి, మధ్యలో ఒకరోజు వదిలి మళ్లీ ఇస్తారు. ఆ రోజున కూడా మీరు ఆఫీసుకు వచ్చి ఉంటే దానికి రుజువు దాచుకోండి. కృత్రిమ విరామాలను కోర్టులు చాలాసార్లు పక్కన పెట్టాయి.

అధ్యాపకుల గొడవ వేరే. 2025 ఏప్రిల్‌లో తెలంగాణలో అసిస్టెంట్ ప్రొఫెసర్ల నియామకాలకు జీవో 21 వచ్చినప్పుడు కాంట్రాక్ట్ అధ్యాపకులు రోడ్డెక్కారు. నోటిఫికేషన్ పడి కొత్తవాళ్లు వస్తే పియారా సింగ్ తీర్పు వాళ్లను కాపాడదు, ఎందుకంటే వచ్చేది రెగ్యులర్ మనిషి. యూనియన్లు అప్పుడు అడగవలసింది సర్వీసుకు వెయిటేజీ, వయసు సడలింపు. నియామకాలే ఆపమంటే బయట పీహెచ్‌డీ చేసి ఎదురుచూస్తున్న పిల్లలకు ఏం జవాబు చెబుతాం?

గెస్ట్ ఫ్యాకల్టీకి ఎంత ఇవ్వాలి? రెగ్యులర్ వాళ్లతో సమానంగా అడగొచ్చా?

2019 యూజీసీ మార్గదర్శకాల ప్రకారం లెక్చరుకు 1,500, నెలకు 50,000 మించకుండా. మన దగ్గర చాలాచోట్ల అందులో సగం కూడా రావడం లేదు, యూజీసీది గరిష్ఠ పరిమితి మాత్రమే అంటారు. కాంట్రాక్ట్ అధ్యాపకుల విషయంలో 2018 యూజీసీ నిబంధనలు ఇంకా గట్టిగా ఉన్నాయి: మొత్తం పోస్టుల్లో 10 శాతం మించకూడదు, జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థూల జీతానికి తగ్గకూడదు. వీటిని మీ రాష్ట్రం, యూనివర్సిటీ స్వీకరిస్తూ ఇచ్చిన ఉత్తర్వు కాపీ సంపాదించండి.

సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని 2016లో జగ్జీత్ సింగ్ కేసులో తేలింది. గుజరాత్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీల కాంట్రాక్ట్ అసిస్టెంట్ ప్రొఫెసర్లకు నెలకు 30,000 ఇవ్వడాన్ని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తీవ్రంగా తప్పుబట్టి, పే స్కేలు కనీస మొత్తం ఇమ్మంది. ఇలాంటి కేసు వేసేవాళ్లు టైమ్‌టేబుల్, పేపర్ వాల్యుయేషన్ ఆర్డర్లు, ప్రాజెక్టు గైడ్‌గా ఉన్న పేజీలు జతచేయాలి. పని సమానమని చూపించే భారం మన మీదే ఉంటుంది.

కాంట్రాక్ట్ వాళ్లకు ప్రసూతి సెలవు ఉందా?

ఉంది. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు, జీతంతో. అంతకు ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలి. మస్టర్ రోల్ వాళ్లకూ ఇవ్వాల్సిందేనని 2000లో ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ కేసులో, సెలవు మధ్యలో కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రయోజనం ఆగదని 2023లో కవితా యాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘రెన్యువల్ అయ్యాక అప్లై చెయ్యమ్మా’ అని సలహా ఇచ్చే సెక్షన్ ఆఫీసర్‌కు ఈ రెండో తీర్పు ప్రింట్ తీసి చూపించండి.

మెమో ఇచ్చారు. ఏం చేయాలి?

కంగారులో ఆ పూటే జవాబు రాయకండి. తీసుకున్న తేదీ వేసి సంతకం పెట్టి, యూనియన్ వాళ్లకు చూపించండి. గడువు చాలకపోతే పొడిగింపు అడగండి, ఆరోపణకు ఆధారమైన కాగితాల కాపీలు అడగండి. క్షమాపణ పత్రం రాసిస్తే సరిపోతుందని ఎవరైనా తీయగా చెబితే ఒప్పుకోకండి, ఆ కాగితమే రేపు ఒప్పుకోలు అవుతుంది. ఎంక్వైరీలో తోటి ఉద్యోగిని సహాయకుడిగా పెట్టుకోవడానికి సర్వీసు రూల్స్ సాధారణంగా ఒప్పుకుంటాయి. సస్పెండ్ చేస్తే జీవనభృతి ఇవ్వాలి. మూడు నెలల్లో ఛార్జిమెమో ఇవ్వకుండా సస్పెన్షన్ సాగదీయకూడదని 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

20 మంది, అంతకు మించి కార్మికులున్నచోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, అందులో సగం మంది కార్మికుల తరఫువాళ్లు. ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి, 30 రోజుల్లో తేల్చాలి. మీ క్యాంపస్‌లో ఆ కమిటీ ఉందా అని అడిగి చూడండి.

సమ్మె చేయొచ్చా?

సంఘం పెట్టుకోవడం ప్రాథమిక హక్కు. సమ్మె అలా కాదని 1962 నుంచీ సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. 2003లో తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగుల సమ్మె కేసులో (రంగరాజన్ కేసు) ఇంకా కఠినంగా చెప్పింది. కొత్త కోడ్ కింద ఏ సంస్థలోనైనా 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చాక లేబర్ ఆఫీసర్ రాజీ చర్చలు మొదలుపెడితే అవి నడుస్తున్నంత కాలం, ముగిశాక ఏడు రోజులు సమ్మె చేయకూడదు. సగం మంది, అంతకు మించి కలిసి మూకుమ్మడిగా క్యాజువల్ లీవ్ పెట్టినా దాన్ని సమ్మెగానే చూస్తారు. మన దగ్గర ఎక్కువగా వాడే ఉపాయం అదే కాబట్టి జాగ్రత్త. చట్టవిరుద్ధ సమ్మెకు కార్మికుడికి 1,000 నుంచి 10,000 దాకా జరిమానా, లేదా నెల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. నోటీసు లేకుండా పదిమందో అంతకు మించో కలిసి మానేస్తే, నియామక షరతుల్లో అలా ఉన్నట్టయితే, ఎనిమిది రోజుల జీతం దాకా కోసే వీలు కూడా వేతన కోడ్‌లో ఉంది.

సమ్మెకు ముందు చేయగలిగినవి చాలా ఉన్నాయి: నల్ల బ్యాడ్జీలు, లంచ్ అవర్ నిరసన, రిలే దీక్షలు, వర్క్ టు రూల్ (రూల్ ప్రకారం ఉన్నంత పనే చేయడం). ఎగ్జామ్స్ బ్రాంచి వాళ్లు సాయంత్రం ఐదింటికి కచ్చితంగా లేచి వెళ్లిపోతే చాలు, వారంలో పిలుపు వస్తుంది.

లైంగిక వేధింపు ఫిర్యాదు యూనియన్‌కు ఇవ్వాలా?

నేరుగా మీ యూనివర్సిటీ ఇంటర్నల్ కమిటీకి (లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే కమిటీ) ఇవ్వండి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా, కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. 90 రోజుల్లో విచారణ ముగించాలి. ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లు, దినసరివాళ్లు కూడా 2013 చట్టంలో ఉద్యోగులే. యూనియన్ చేయాల్సింది తోడుగా ఉండటం. నిందితుడు మన సభ్యుడే అయినప్పుడు ‘రాజీ చేద్దాం’ అని మధ్యలో దూరే నాయకులున్నారు, అలాంటివాళ్లను పదవిలోంచి దింపేయండి.

ఏజెన్సీతో యూనివర్సిటీ ఒప్పందంలో ఏముందో మాకెలా తెలుస్తుంది?

పది రూపాయల ఆర్టీఐ. ఒప్పందం కాపీ, నెలవారీ బిల్లులు, చెల్లింపు తేదీలు, పీఎఫ్ చలాన్లు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ప్రశ్నలు ‘ఎందుకు ఇవ్వలేదు’ అని వేయొద్దు, ‘ఫలానా కాగితం కాపీ ఇవ్వండి’ అని వేయండి.

ప్రైవేట్ యూనివర్సిటీలో పనిచేస్తున్నాను.

యూనియన్ హక్కు మీకూ ఉంది. పీఎఫ్, గ్రాట్యుటీ, ప్రసూతి, వేతన చెల్లింపు గడువు అన్నీ వర్తిస్తాయి. తేడా ఎక్కడంటే, తీసేస్తే హైకోర్టులో రిట్ వేయడం కష్టం. ప్రైవేట్ విద్యాసంస్థకూ ఉద్యోగికీ మధ్య కేవలం కాంట్రాక్టు తగవు అయితే రిట్ నిలవదని 2022లో సెయింట్ మేరీస్ కేసులో సుప్రీంకోర్టు అంది. నాన్-టీచింగ్ వాళ్లకు లేబర్ శాఖ దారి ఉంది, తొలగించిన రెండేళ్లలోపు వెళ్లాలి. టీచర్లు సివిల్ కోర్టుకు వెళ్లాల్సి రావచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. చూపించండి, కాపీలు ఇవ్వండి, అంతే.

మా అమ్మాయి అమెరికాలో టీచింగ్ అసిస్టెంట్. అక్కడ యూనియన్‌లో చేరితే వీసాకు ఇబ్బందా?

ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీదున్నా యూనియన్ సభ్యత్వానికి చట్టపరమైన అడ్డు లేదు. ప్రైవేట్ యూనివర్సిటీల్లో విద్యార్థి అసిస్టెంట్లు కూడా ఉద్యోగులేనని 2016లో కొలంబియా యూనివర్సిటీ కేసులో అక్కడి లేబర్ బోర్డు తేల్చింది. 2022 చివర్లో కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లలో 48,000 మంది దాకా సమ్మె చేసి జీతాలు పెంచుకున్నారు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో చేరొచ్చు, కానీ ప్రభుత్వ సంస్థలు యూనియన్‌తో వేతన ఒప్పందం చేసుకోవడానికి వీల్లేదు. ఆ అమ్మాయిని ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసులో కూడా ఒకమాట అడగమనండి.

మా క్యాంపస్‌లో యూనియన్ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

దరఖాస్తు మీద సంతకం పెట్టడానికి ఏడుగురు చాలు. కానీ సభ్యులుగా సంస్థలోని కార్మికుల్లో 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది ఉండాలి. నిబంధనావళి, ఆఫీస్ బేరర్ల జాబితా, జనరల్ బాడీ తీర్మానం జతచేసి లేబర్ శాఖలో ట్రేడ్ యూనియన్ల రిజిస్ట్రార్‌కు దరఖాస్తు పెట్టాలి. నిబంధనావళిలో మూడు చోట్ల ఆచితూచి రాయండి: ఎవరు సభ్యులు (ఔట్‌సోర్సింగ్ అన్న మాట పేరు పెట్టి రాయండి), ఎన్నికలు ఎన్నేళ్లకోసారి, డబ్బు ఎవరి సంతకంతో బయటికి వెళ్తుంది. చెక్కు మీద కనీసం ఇద్దరి సంతకాలు, అందులో ఒకరు అధ్యక్షుడి వర్గం కాని మనిషి అయితే మంచిది.

బయటి నాయకుడిని గౌరవాధ్యక్షుడిగా పెట్టుకోవడం మనకు అలవాటు. చట్టం కొద్దిమందికి ఒప్పుకుంటుంది కూడా. లేబర్ ఆఫీసులో మాట్లాడటానికి పనికొస్తారు. మొత్తం ఆయన చేతిలో పెడితే మాత్రం, మెస్‌లో పనిచేసే మనిషి పీఎఫ్ సంగతి రాష్ట్ర మహాసభ అజెండాలో పదమూడో అంశం అవుతుంది. నమోదయ్యాక ఏటా లెక్కలు ఆడిట్ చేయించి రిటర్ను వేయాలి. వేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం ట్రేడ్ యూనియన్ల రిజిస్ట్రార్‌కు ఉంది. చాలా యూనియన్లు మూతపడింది సమ్మెల్లో ఓడి కాదు, రిటర్ను వేయక. కాబట్టి కోశాధికారిగా ఉపన్యాసాలిచ్చే మనిషిని కాకుండా, అకౌంట్స్ సెక్షన్‌లో నోరు మెదపకుండా పనిచేసుకుపోయే మనిషిని ఎన్నుకోండి.